కెమెరా తిరగని బెంచీ

మా అమ్మ ఆదివారం టీవీలో ఆరాధన చూస్తుందని ఊళ్ళో అందరూ అనుకుంటారు. ఉత్త మాట. ఆమె మా తమ్ముణ్ణి వెతుక్కుంటుంది.

తుంటి ఎముక విరిగి మంచం పట్టినప్పటి నుంచి ఆమెకు ఆదివారమంటే అదే. పొద్దున్నే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని, వీపు వెనక దిండ్లు పెట్టించుకుని కూర్చుంటుంది. నెల్లూరులోని మా గుడి నుంచి (చర్చిని మేము గుడి అనే అంటాం) మా చానల్లో ప్రత్యక్ష ప్రసారం మొదలవుతుంది. ప్రసంగం నడిచేటప్పుడు ఒక కునుకు కూడా తీస్తుంది, దొంగది. పాట మధ్యలో కెమెరా జనం మీదికి తిరుగుతుంది కదా, అప్పుడు మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగుతుంది. "అదిగో మే, మా అబ్బయ్య! నీలం చొక్కా! ఇస్త్రీ చేసుకోరా అంటే చేసుకోలా, చూడు ఎట్ట నలిగిపోయుండాదో" అని పక్కింటామెకు చూపిస్తుంది. వాడు తెర మీద ఉండేది రెప్పపాటు కాలం. ఆ వారానికి ఆమెకు అది చాలు.

ఈ పిచ్చి మా అమ్మ ఒక్కదానిదే కాదు. చిల్లకూరుకు తూర్పుగా సముద్రం దాకా ఉన్న మా ఊళ్ళన్నిటిదీ ఇదే భక్తి. గుడికి పోలేని ముసలీ ముతకా ఇంట్లో కూర్చుని, పోయిన వాళ్ళను తెర మీద లెక్కేసుకుంటారు. అందుకే మా కెమెరా అబ్బాయిలు పాట మధ్యలో ఒక్కో బెంచీ మీద నిదానంగా కెమెరా తిప్పుతారు, ఎవరినీ వదలరు. వదిలితే సోమవారం ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు. "మా కోడలు కుడి పక్కన కూర్చోని ఉండాదంట, మీరు చూపీలేదే! ఇంతకూ గుడికొచ్చిందా, పుట్టింటికి పోయిందా?" అని నిలదీస్తారు. నవ్వకండి. మా దగ్గర గుడికి వచ్చినట్టు రుజువు తెర మీద కనపడడమే.

నేను ఆ చానల్లోనే పని చేస్తాను. ఏం చేస్తావమ్మా, పాటలు పాడతావా అని అడుగుతారు. కాదు, ఢిల్లీకి జవాబులు రాస్తాను అంటాను. వాళ్ళ మొహాలు వాడిపోతాయి. లైసెన్సు పని నాది. చానలంటే ఒక కెమెరా, ఒక మైకు, నాలుగు పాటలు ఉంటే చాలనుకుంటారు జనం. నా తలకాయ! ముందు కంపెనీ ఉండాలి. ఆ కంపెనీకి ఇంత ఆస్తి ఉందని ఆడిటరు రాసివ్వాలి. బొమ్మను కింది నుంచి ఉపగ్రహానికి ఎక్కించడానికి ఒక అనుమతి, ఉపగ్రహం నుంచి ఇళ్ళల్లోకి దించడానికి ఇంకో అనుమతి. ఎక్కించే కేంద్రం అద్దెదైతే ఆ ఒప్పందం చూపించాలి. పేరు మనదేనని, గుర్తు మనదేనని రుజువులివ్వాలి. వార్తలు చెప్తామా చెప్పమా ముందే రాసిచ్చి ఆ మాట మీద నిలబడాలి. ప్రసారమైన ప్రతి నిమిషాన్నీ మూడు నెలలు దాచిపెట్టాలి, అడిగిన రోజు పంపించాలి. ఇవన్నీ ఒక ఎత్తు, డైరెక్టర్ల సంగతి ఒక్కటీ ఒక ఎత్తు. కొత్తవాణ్ణి డైరెక్టరుగా పెట్టుకోవాలంటే ముందు వాడి పుట్టు పూర్వోత్తరాలన్నీ పంపించాలి. భద్రత చూసే శాఖ వాళ్ళు వాడి గురించి విచారించి సరేననాలి. ఆ సరే వచ్చేదాకా వాడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు, డైరెక్టరునని చెప్పుకోకూడదు.

పులికాటు అవతల శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తే మా ఇంటి కిటికీ రెక్కలు అదురుతాయి. ఉపగ్రహాలు మా నెత్తి మీదుగానే పోతాయి. వాటిలోకి మా పాట ఎక్కాలంటే మాత్రం ఢిల్లీ దయ తలచాలి. మొదట్లో నాకు ఇది తమాషాగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

చానలు పెట్టింది మా అయ్యగారు. పాస్టరును మా వైపు అయ్యగారనే అంటాం, ఆయన భార్యను అమ్మగారంటాం. కంపెనీలో డైరెక్టర్లు వాళ్ళిద్దరే. అయ్యగారికి మూత్రపిండాలు పాడై, వారం వారం డయాలిసిస్ మీద బతికే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. తన తరవాత చానలు చూసుకోడానికి ఒక మనిషి కావాలని, ఆ మనిషి మా తమ్ముడేనని చెప్పాడు. మేము అంత పెద్ద ఇంటి వాళ్ళం కాదు. మా నాన్న పడవ మీద పోయి వలలు లాగినవాడు. తమ్ముడు మొదట్లో డిష్షులు బిగించేవాడు. చానలు పెట్టిన కొత్తలో సముద్రం ఒడ్డున ఊరూరా తిరిగి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన డిష్షులు మార్చి, తాటాకు ఇళ్ళ ముందు కూడా గడ్డపారతో గుంత తీసి కర్ర పాతి మా చానలు వచ్చేటట్టు చేసింది వాడే. తరవాత అయ్యగారు వాణ్ణి ఆఫీసులోకి తీసుకున్నాడు. వాడు లోపలికొస్తే అందరూ లేచి పలకరించేవాళ్ళు. భయంతో కాదు, ఇష్టంతో.

అంత ఇష్టం ఎందుకంటే, లారీల గొడవ. కొన్నేళ్ళ కిందట ఏదో రోడ్డు పనికని గ్రావెల్ లారీలు మా ఊరి మధ్యనుంచి హైవే మీదికి పగలంతా పోతుండేవి. బడి నుంచి వస్తున్న ఒక పిల్ల ఒక లారీ కింద పడింది. ఆ పిల్ల ఎడమ కాలి చెప్పు రెండు రోజుల దాకా దొరకలేదు. ఎవరికి మొర పెట్టుకున్నా లారీలు ఆగలేదు. తమ్ముడు ఒక చాప తెచ్చి రోడ్డు మధ్యలో పరుచుకుని కూర్చున్నాడు. ఏమీ అరవలేదు, ఎవరినీ రమ్మనలేదు. సాయంత్రానికి ఊరంతా వచ్చి వాడి వెనక కూర్చుంది. మర్నాడు పడవలు కూడా నీళ్ళలోకి దిగలేదు. చివరికి లారీలను ఊరి బయట నుంచి తిప్పారు. దారికి అడ్డం కూర్చున్నందుకు వాడి మీద కేసు పెట్టారు, ఆ కేసును తరవాత కోర్టు కొట్టేసింది. అంతే సంగతి. డైరెక్టరు దరఖాస్తులో కేసులేమైనా ఉన్నాయా అని అడిగిన చోట ఇదంతా ఉన్నదున్నట్టు రాసి, కోర్టు తీర్పు కూడా జతచేసి పంపించాను. దాచడానికి అందులో ఏముంది? గర్వంగా చెప్పుకునే మాట అది.

ఆ గర్వమే మమ్మల్ని ముంచింది.

దరఖాస్తు పోయిన తరవాత మామూలు బట్టల్లో ఒక పోలీసాయన విచారణకని మా ఊరొచ్చాడు. ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర అడిగాడు. చేపల వేలం దగ్గర అడిగాడు. ఎవరు మాత్రం తక్కువ చెప్తారు? మా వాళ్ళకు మంచి మనిషంటే ఏమిటో ఒకటే లెక్క: నలుగురి కోసం నిలబడ్డాడా లేదా. అందరూ చాప కథే చెప్పారు, ఒకరి కంటే ఒకరు మసాలా వేసి. ఆఖరికి ఆయన మా ఇంటికి వచ్చాడు. నేను నెల్లూరులో ఉన్నాను, తమ్ముడు ఊళ్ళో లేడు. మంచం మీద అమ్మ ఒక్కతే ఉంది. పక్కింటామె చేత ఆయనకు మజ్జిగ ఇప్పించి, తనే మాట్లాడింది. ఆ సాయంత్రం నేను ఇంటికి పోగానే మొదలు పెట్టింది.

"పోలీసాయన వచ్చినాడమ్మే. ఎంత మర్యాదస్తుడో! నీ కొడుకు ఎట్టాంటోడమ్మా అని అడిగినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్తా? ఉండేదే చెప్పినా. నా కొడుకు సింహమయ్యా అన్నా. వాడొక్క మాటంటే ఈ ఒడ్డున ఊళ్ళన్నీ వచ్చి రోడ్డు మీద కూర్చుంటాయి, ఎంత పెద్దాఫీసరు వచ్చినా లెయ్యరు అన్నా. పడవలు కూడా నీళ్ళలో దిగవయ్యా, వాడు దిగమంటేనే దిగేది అన్నా. అన్నీ రాసుకున్నాడమ్మే, ఒక్క మాట వదల్లా!"

ఆమె మొహం ఎలా వెలిగిపోతోందో నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఊళ్ళను రోడ్డు మీదికి రప్పించగలిగిన మనిషి అంటే అమ్మకు దేవుడిచ్చిన గొప్ప. అదే మాట ఢిల్లీలో ఒక బల్ల మీద పడితే ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ భాష చదవడమే నా ఉద్యోగం. తమ్ముడు వచ్చాక చెప్పాను. వాడు ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించాడు. "అక్కా, అమ్మను దీని గురించి ఇంకేం అడగబాక. బాగా చెప్పినావమ్మా అని చెప్పు" అన్నాడు. అలాగే చెప్పాను.

ఢిల్లీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నెలలు గడిచిపోయాయి. అయ్యగారు రోజు రోజుకూ ఎండిపోయాడు. ఒక ఆదివారం ఇద్దరు పట్టుకుంటే వేదిక మీదికి వచ్చాడు. ఆ పొద్దున ఆయన ఏం చేయబోతున్నాడో తెలిసి, ముందుగానే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను.

"అయ్యగారూ, ఈరోజొద్దు. ఢిల్లీ నుంచి సరే రాలేదు. అది వచ్చేదాకా పేరు బయట పెట్టకూడదు."

"దేవుడు పిలిచినోణ్ణి ఆపేదానికి ఢిల్లీ ఎవరమ్మా?" అన్నాడు. ఆయన గొంతులో గాలి తప్ప మాట లేదు. "నాకు టైం లేదు తల్లీ."

మా సంఘంలో పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థన చేశారంటే ఆ పని అయిపోయినట్టే. కాగితాలు తరవాత వాటంతట అవే వస్తాయి, అలా అనుకునే బతికారు వీళ్ళు ఇన్ని తరాలూ. అయ్యగారు వణికే రెండు చేతులూ మా తమ్ముడి తల మీద పెట్టాడు. గుడంతా ఏడ్చింది. వాడు మోకాళ్ళ మీద ఉన్నాడు, భుజాలు కదలడం వెనక నుంచి నాకు కనపడింది. కంట్రోల్ రూములో అబ్బాయిలు ఊరికే ఉంటారా, ప్రేమ కొద్దీ వాడి మొహం కింద పెద్ద అక్షరాలు వేశారు: మన చానల్ కొత్త డైరెక్టర్. ఆ అక్షరాలు ప్రార్థన అయిపోయేదాకా తెర మీదే ఉన్నాయి. ఊళ్ళన్నీ చూశాయి. మంచం మీద అమ్మ చూసింది. "నాకింకేం కావాలమ్మే" అని పక్కింటామె చేతులు పట్టుకుని ఏడ్చిందట.

అయ్యగారు ఆ నెలలోనే పోయాడు. ఆ దుఃఖం ఆరకముందే ఢిల్లీ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటిది మరీ పొట్టిది. ఫలానా వ్యక్తికి భద్రతా అనుమతి నిరాకరించడమైనది. ఎందుకో లేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను, వెనక పక్క కూడా చూశాను పిచ్చిదానిలాగా. రెండోది, అనుమతి లేని వ్యక్తిని డైరెక్టరని ప్రసారంలో ఎందుకు ప్రకటించారు, మీ చానలు అనుమతి ఎందుకు రద్దు చేయకూడదో చెప్పండి అని. ఎవరు పంపారో ఏమో, ఆ అక్షరాలున్న బొమ్మ కూడా దానికి జతచేసి ఉంది. అయ్యగారి చేతులు, తమ్ముడి తల, కింద మా వాళ్ళు వేసిన అక్షరాలు. మా ప్రేమే మా మీద సాక్ష్యం.

రైలెక్కి ఢిల్లీ వెళ్ళాను. లైసెన్సులిచ్చే ఆఫీసు వరండాలో కూర్చోగా కూర్చోగా సాయంత్రానికి ఒకాయన లోపలికి పిలిచాడు. చెడ్డవాడేమీ కాదు, టీ తెప్పించాడు. మా తమ్ముడు చేసిన తప్పేమిటో చెప్పండి, దిద్దుకుంటాడు అన్నాను. "మాకూ చెప్పరు మేడమ్. వద్దు అని భద్రత వాళ్ళు రాస్తారు, వద్దు అని మేము మీకు రాస్తాం" అన్నాడు. కొట్టేసిన కేసు కోసమా అని అడిగాను. ఆయన ఫైలు మూసి పక్కన పెట్టాడు. పోనీ ఊళ్ళో విచారణలో ఎవరైనా ఏమైనా చెప్పారా అన్నాను. "మేడమ్, టీ చల్లారిపోతోంది" అన్నాడు. నాకు ఆ కప్పు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. తాగి వచ్చేశాను. తప్పు ఏమిటో చెప్పకుండా శిక్ష వేసేవాడితో ఎవరు పోట్లాడగలరు? దేన్ని పట్టుకుని పోట్లాడాలి?

తిరిగొచ్చాక రెండో ఉత్తరానికి జవాబు రాయాలి. రాయకపోతే చానలు పోతుంది. చానలు పోతే అందులో పని చేసే పిల్లలందరూ రోడ్డున పడతారు, ఊళ్ళల్లో మంచాల మీదున్న ముసలోళ్ళకు ఆదివారం ఉండదు. నేను కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క అక్షరం కొట్టలేకపోయాను. తమ్ముడే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"రాయక్కా. ఆ వ్యక్తికి మా సంస్థతో ఏ సంబంధమూ లేదు అని రాయి."

"నోరు ముయ్యరా. నా చేత్తో నేను రాయను."

"రాయక్కా. ఇకముందు కూడా ఉండదు అని రాయి. వాళ్ళకు ఆ మాటే కావాల్సింది." నేను ఏడుస్తుంటే వాడే కొట్టాడు, ఒక వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఆ రోజు నుంచి ఆఫీసుకు రావడం మానేశాడు. మళ్ళీ డిష్షుల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

అమ్మగారి పక్కన డైరెక్టరుగా వాళ్ళ అల్లుడు వచ్చాడు. బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం వ్యాపారం ఆయనది. జీవితంలో ఎవరి కోసమూ ఎక్కడా చాప పరచలేదు కాబట్టి ఆయనకు అనుమతి ఇట్టే వచ్చింది. ఇది కోపంతో అంటున్న మాట, నిజానికి ఆయన నెమ్మదస్తుడే. జనం నోళ్ళు మాత్రం నెమ్మదిగా లేవు. "ఊరకే కాదంటారా ఢిల్లీ వాళ్ళు? ఏదో ఉండే ఉంటాది." "మనకు తెలీని సంగతి వాళ్ళకు తెలిసుంటాది." వాడి వెనక రోడ్డు మీద కూర్చున్న వాళ్ళ నోళ్ళే ఇవి. కారణం చెప్పి ఉంటే ఆ కారణాన్ని గురించి మాట్లాడుకునేవాళ్ళు. చెప్పలేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకున్నారు. ఒకరు బయటి దేశం డబ్బన్నారు, ఒకరు ఆడమనిషి గొడవన్నారు. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే బల్లారాధనలో కుడి పక్క బెంచీలకు రొట్టె పళ్ళెం పట్టుకుపోయేది ఎప్పుడూ మా తమ్ముడే. ఆ నెల వాడు లేచి పళ్ళెం అందుకోబోతే సంఘ పెద్ద ఒకాయన నెమ్మదిగా వాడి చేతిలోంచి తీసుకున్నాడు. "ఈ నెలకు కూర్చో నాయనా" అన్నాడు. వాడు కూర్చున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు అల్లుడుగారు కెమెరా అబ్బాయిలనూ నన్నూ పిలిచాడు.

"అమ్మా, నన్ను తప్పుగా అనుకోవద్దు. మూడు నెలల రికార్డు మన దగ్గరుంటాది, వాళ్ళు ఎప్పుడైనా అడగొచ్చు. సంబంధం లేదని రాసిచ్చినాం. ఆయన మొహం వారం వారం మన తెర మీద కనపడితే ఏమనుకుంటారు? ఇంకొక్క నోటీసు వస్తే చానలు మూసుకోవాల్సిందే."

"గుడికొచ్చిన మనిషి కనపడితే సంబంధమైపోద్దా అండీ? అట్టని ఏ రూల్లో ఉండాది? రూల్సన్నీ చదివింది నేను!" అని అరిచాను.

"రూల్లో లేదమ్మా. భయం" అన్నాడు ఆయన. ఆ మాట నిజాయితీగా అన్నాడు.

తమ్ముడు కూర్చునేది కుడి పక్క మూడో స్తంభం దగ్గరి బెంచీ. ఆ ఆదివారం నుంచి కెమెరా రెండో స్తంభం దాకా వచ్చి, అక్కణ్ణుంచి పాటల బృందం మీదికి దూకేది. వెనక బెంచీలను వేరే కెమెరాతో చూపించేవాళ్ళు. ఆ ఒక్క బెంచీ మాత్రం తెర మీద లేదు. దాంతో ఏమైందో చెప్పనా? ఆ బెంచీలో వాడితో పాటు కూర్చునే వాళ్ళ ఇళ్ళల్లో గొడవలు మొదలయ్యాయి. "నాయనా, నువ్వు గుడికి పోవడం లేదంట కదా, నీ పెళ్ళాం కనపళ్ళేదంట కదా" అని. ముందు రిటైరైన టీచరుగారు ఎడమ పక్కకు మారాడు. తరవాత వాడి పక్కనే కూర్చుని వాడి పాటల పుస్తకంలోంచి పాడే ముసలామె మారింది. "మా అమ్మాయి చూసుకుంటాది నాయనా, ఏమీ అనుకోబాక" అని వాడితో చెప్పి మరీ మారింది. ద్వేషంతో మారి ఉంటే తిట్టుకునేవాణ్ణక్కా అన్నాడు వాడు. కొన్ని వారాలకు ఆ బెంచీలో వాడొక్కడే మిగిలాడు. వేరే చోట కూర్చోరా అంటే, "నేను కూర్చున్న చోటల్లా కెమెరా తిప్పడం మానేస్తారు. ఇంకో బెంచీ ఎందుకు ఖాళీ చేయించడం?" అన్నాడు.

అమ్మకు వీటిలో ఏ ఒక్కటీ తెలియదు. అనుమతి రాలేదని చెప్తే ఎందుకు రాలేదంటుంది. ఏం చెప్పాలి? ఆమె చెప్పిన మాటల వల్లేనని మాకూ తెలియదు, ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. కానీ ఆమె మాత్రం ఒక్క క్షణం కూడా సందేహించదు. నా నోటితో నా కొడుకును నాశనం చేసుకున్నానని ఆ మంచం మీదే గుండె పగిలి పోతుంది. అందుకే మేము నోరు కట్టేసుకున్నాం. పక్కింటామె చేత కూడా ఒట్టు వేయించుకున్నాం. డిష్షుల సంచీ తమ్ముడు వాళ్ళింట్లోనే పెట్టి వస్తాడు. అమ్మ లెక్కలో ఆమె కొడుకు ఇప్పటికీ డైరెక్టరే.

డైరెక్టరైన కొడుకు తెర మీద కనపడడం మానేశాడు. ఆమె మొదట కెమెరా వాళ్ళను తిట్టింది. తరవాత తన కళ్ళద్దాలను తిట్టింది. కొత్త అద్దాలు చేయించాం. ఆ అద్దాలతో ఎడమ పక్కకు మారిన టీచరుగారు కూడా స్పష్టంగా కనపడ్డాడు, కొడుకు కనపడలేదు. ఇక తనకు సంగతి అర్థమైపోయింది అనుకుంది. ఒకరోజు వాడు గుడి నుంచి తిన్నగా ఇంటికొచ్చి, ఇంకా బైబిలు చేతిలోనే ఉండగా, మంచం మీద నుంచే నిలదీసింది.

"యాడికి పోయినావురా?"

"గుడికే పోయినానమ్మా."

"నాకు అబద్ధాలు చెప్పబాక. నా కళ్ళు బాగానే ఉండాయి. పెద్ద పదవి వచ్చేతలికి నీకు కళ్ళు నెత్తికెక్కినాయి. అయ్యగారు నీ తల మీద చేతులు పెట్టింది గుడి మానేసేదానికా?"

వాడు బైబిలు గూట్లో పెట్టి, చొక్కా గుండీలు విప్పుకుంటూ, "పనులెక్కువైనాయమ్మా" అన్నాడు. ఆ రోజు ఆమె వాడి చేత్తో అన్నం తినలేదు.

పోయిన ఆదివారం సాయంత్రం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. చానల్లో ప్రార్థన మనవుల కార్యక్రమం వస్తోంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్ చేసి తమ కష్టాలు చెప్పుకుంటే, పేర్లు లేకుండా చదివి ప్రార్థన చేసే కార్యక్రమం అది. చదివే అమ్మాయి నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయే. కడుపునొప్పులు, పరీక్షలు, అప్పుల వాళ్ళు, తాగే మొగుళ్ళు, అన్నీ అయ్యాక ఇంకో కాగితం తీసింది.

"చిల్లకూరు ప్రాంతం నుంచి ఒక తల్లి అడుగుతున్నారు. దేవుడు తన కుమారునికి గొప్ప పదవి ఇచ్చాడట. ఆ పదవి వచ్చిన తరవాత ఆ కుమారుడు గర్వించి మందిరానికి రావడం మానేశాడట. అతని మనసు మారాలని, మళ్ళీ మందిరంలో కనపడాలని ఆ తల్లి కన్నీళ్ళతో వేడుకుంటున్నారు. మనమందరం ఆ కుమారుని కోసం ప్రార్థిద్దాం."

అమ్మ మా వైపు చూడలేదు, చెంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. పక్కింటామె చేత ఫోన్ చేయించి ఉంటుంది. నేను నోరు తెరిచాను. అమ్మా, వీడు ఒక్క ఆదివారం కూడా మానలేదు, ఈరోజు కూడా ఒక్కడే కూర్చుని వచ్చాడు అని చెప్పేయాలనుకున్నాను. తమ్ముడు నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు దిగేంత గట్టిగా పట్టుకున్నాడు. వాడి ఒంటి మీద పొద్దున గుడికి వేసుకుపోయిన తెల్ల చొక్కా అలాగే ఉంది. తెరలో ఆ అమ్మాయి ప్రార్థిస్తోంది, ఊరూరా ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది తలలు వంచుకున్నారో, మా తమ్ముడి గర్వం అణగాలని. వాడు కూడా తల వంచుకున్నాడు.

ప్రార్థన అయిపోయింది.

"ఆమెన్ అనరా" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

"ఆమెన్" అన్నాడు.

"గట్టిగా అను. దేవుడికి వినపడాల."

"ఆమెన్" అన్నాడు మళ్ళీ, గట్టిగా. అమ్మ చెయ్యి చాచి వాడి తల నిమిరింది. చాలా వారాల తరవాత వాడితో మామూలుగా మాట్లాడింది.

"వచ్చే ఆదివారం నీలం చొక్కా వేసుకో నాయనా. దూరం నుంచి కూడా అదైతే కనపడద్ది."

"సరేనమ్మా" అన్నాడు తమ్ముడు. లేచి వెళ్ళి దండెం మీద నుంచి ఆ చొక్కా తీసి ఇస్త్రీ చేసుకోవడానికి పెట్టుకున్నాడు.